చలి ముంచుకొచ్చేలోపు ఎల్లోస్టోన్

ఎల్లోస్టోన్‌లో శరత్తు నిడివి తక్కువ. ఆగస్టు చివరికి రాత్రిళ్లు చల్లబడతాయి. సెప్టెంబరు మధ్యకల్లా లోయల్లో గడ్డి పండుబారుతుంది. అక్టోబరులో ఎత్తైన కనుమల మీద మంచు పడుతూ ఉంటుంది. నవంబరు మొదట్లో పార్కు రోడ్లలో ఎక్కువ భాగాన్ని కార్లకు మూసేస్తారు. అంటే శరత్తును చూడటానికి మిగిలేది గట్టిగా ఆరేడు వారాలే. ఆ వారాల్లో మూడు నాలుగు రోజులు కేటాయించుకుని వెళ్లినవారికి, ఎన్ని చూశామన్నదాని కంటే దేన్ని ఏ వేళకు చూశామన్నదే ముఖ్యమవుతుంది. ఆ కాలంలో అక్కడి జంతువులు, చెట్లు, రోడ్లు, హోటళ్లు అన్నీ ఒకే గడువుకు లోబడి నడుస్తాయి. చలి ముంచుకొచ్చేలోపు ఎవరి పని వారు ముగించుకోవాలి. ఆ పనులేమిటో తెలిసి వెళితే చూపు ఎటు తిప్పాలో తెలుస్తుంది.

పార్కు వైశాల్యం సుమారు 9,000 చదరపు కిలోమీటర్లు. దాదాపు అంతా వయోమింగ్ రాష్ట్రంలో ఉంటుంది. అంచులు కొద్దిగా మోంటానా, ఐడహో రాష్ట్రాల్లోకి చొచ్చుకుపోతాయి. 1872 మార్చి 1న అధ్యక్షుడు యులిసిస్ గ్రాంట్ సంతకంతో ఏర్పడిన దీన్ని ప్రపంచంలో మొదటి జాతీయ పార్కుగా సాధారణంగా లెక్కిస్తారు. మనుషులకు ఈ నేల అంతకు చాలా ముందే తెలుసు. 11,000 ఏళ్ల నాటి నుంచీ ఇక్కడ మనుషుల జాడ ఉంది. ఇక్కడి నల్లని అగ్నిపర్వత గాజు ఆబ్సిడియన్‌తో చేసిన పనిముట్లు ఎంతో దూరంలోని ప్రాంతాల్లోనూ దొరికాయి. 27 గిరిజన తెగలకు ఈ ప్రాంతంతో చారిత్రక సంబంధం ఉందని పార్కు యంత్రాంగం గుర్తించింది. పీఠభూమిలో చాలా భాగం సముద్రమట్టానికి 2,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ శరత్తు తొందరగా వచ్చి తొందరగా పోవడానికి ఈ ఎత్తే కారణం. పగటి ఉష్ణోగ్రత సున్నా నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. రాత్రి సున్నాకు దిగువకు పడిపోవడం మామూలే. ఉదయం ఎండ కాసి మధ్యాహ్నం మంచు కురిసిన రోజులూ ఉంటాయి.

చూడటానికి దొరికే వెలుతురు కూడా తగ్గుతూ పోతుంది. జూన్‌లో పగలు 15 గంటలకు పైగా ఉంటే అక్టోబరు మధ్యకు 11 గంటలకు దిగుతుంది. ఇది పూర్తిగా నష్టమేమీ కాదు. జంతువులు ఎక్కువగా కదిలేది తెల్లవారుజామున, సాయంసంధ్యలో. వేసవిలో ఆ వేళను అందుకోవాలంటే నాలుగింటికే నిద్ర లేవాలి. సెప్టెంబరు చివర సూర్యోదయం ఏడు దాటాక అవుతుంది కనుక పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబం కూడా తొలి వెలుగుకు లోయ చేరుకోగలదు.

ప్రయాణమంతా ‘గ్రాండ్ లూప్’ అనే రోడ్డు చుట్టూ తిరుగుతుంది. 8 అంకె ఆకారంలో ఉండే ఈ రోడ్డు పొడవు 229 కిలోమీటర్లు. అయిదు ద్వారాల నుంచి వచ్చే రోడ్లు దీన్ని కలుస్తాయి. దూరం చిన్నదిగానే కనిపిస్తుంది గానీ గంటకు 72 కిలోమీటర్ల వేగ పరిమితి, మలుపులు, దారికి అడ్డంగా నిలబడే బైసన్ మందలు కలిసి లెక్కలన్నీ తారుమారు చేస్తాయి. నైరుతి వైపునున్న ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజరు నుంచి ఈశాన్యంలోని లామర్ లోయకు వెళ్లడానికే రెండున్నర, మూడు గంటలు పట్టవచ్చు. ఒకే ఊళ్లో బస పెట్టుకుని రోజూ పార్కు ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగేవారు వెలుతురు వేళల్లో ఎక్కువ భాగాన్ని కారులోనే గడుపుతారు. మొదటి రెండు రాత్రులు ఒక వైపు, తర్వాతి రాత్రులు మరో వైపు ఉండటం మేలు. అయితే పార్కు లోపలి హోటళ్లు, క్యాంపులు, పెట్రోలు బంకులు సెప్టెంబరు నుంచే ఒక్కొక్కటిగా మూతపడుతూ పోతాయి. టవర్ జంక్షన్‌కు, కాన్యన్ గ్రామానికి మధ్యనున్న డన్‌రేవెన్ కనుమ 2,700 మీటర్ల ఎత్తున ఉంటుంది. మంచు పడితే ముందుగా తెగిపోయే దారుల్లో అదొకటి. అందుకే ఏ రోజుకారోజు రోడ్ల పరిస్థితి కనుక్కోవడం ఈ ప్రయాణంలో మొదటి పని.

పార్కు అడుగున ఉన్నది అగ్నిపర్వతం. సుమారు 6,40,000 ఏళ్ల కిందటి మహా విస్ఫోటనంలో నేల కుంగి 70 కిలోమీటర్ల పొడవు, 50 కిలోమీటర్ల వెడల్పు ఉన్న పల్లం ఏర్పడింది. కొన్ని కిలోమీటర్ల లోతున మిగిలిన కరుగు రాయి వేడి ఇప్పటికీ పైకి వస్తోంది. వానగా, మంచుగా పడి నేలలోకి ఇంకిన నీరు ఆ వేడి తగిలి తిరిగి పైకి లేస్తుంది. అలా పుట్టిన వేడినీటి బుగ్గలు, బురద గుంటలు, ఆవిరి రంధ్రాలు, గీజర్లు అన్నీ కలిపి 10,000కు పైనే ఉన్నాయి. నీటిని పైకి చిమ్మే బుగ్గలైన గీజర్లలో, ప్రపంచంలో చురుకుగా ఉన్నవాటిలో దాదాపు సగం ఈ ఒక్క పార్కులోనే ఉన్నాయి.

గీజరుకు నీరు, వేడి ఉంటే చాలదు, ఇరుకైన రాతి సందులు కూడా కావాలి. అంత ఎత్తున నీరు 93 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. లోతున మాత్రం పైనున్న నీటి బరువు అదిమిపెట్టడంతో అంతకు మించి వేడెక్కినా మరగకుండా ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ పనిచేసేదీ ఈ సూత్రంతోనే. ఆవిరి బుడగలు ఇరుకు సందులో చిక్కుకుని పైనీటిని కొంత బయటికి తోయగానే లోపల ఒత్తిడి తగ్గుతుంది. దాంతో అణిగి ఉన్న నీరు ఒక్కసారిగా ఆవిరిగా మారి మిగతా నీటిని పైకి ఎగజిమ్ముతుంది. ఇక్కడి రైయోలైట్ రాయిలో సిలికా ఎక్కువ. అది వేడినీటిలో కరిగి సందుల గోడలకు పట్టి, ఒత్తిడిని తట్టుకునేలా వాటిని గట్టిపరుస్తుంది.

వీటన్నిటిలో పేరుమోసింది ఓల్డ్ ఫెయిత్‌ఫుల్. 1870లో వాష్‌బర్న్ అన్వేషక బృందం పెట్టిన పేరు ఇది. 32 నుంచి 56 మీటర్ల ఎత్తుకు, ఒక్కో విడతలో 14,000 నుంచి 32,000 లీటర్ల నీటిని చిమ్ముతుంది. గంట కొట్టినట్టు చిమ్ముతుందన్న ప్రచారం నిజం కాదు. ఒక విడతకు, మరో విడతకు మధ్య 60 నుంచి 110 నిమిషాల తేడా ఉంటుంది. ఆ తేడాను ముందుగా చెప్పగలగడమే దీని గొప్ప. రెండున్నర నిమిషాలలోపు ముగిస్తే లోపలి నీరు పూర్తిగా ఖాళీ కాలేదని లెక్క, కనుక తర్వాతి విడత గంటకు అటూఇటూగా వస్తుంది. అంతకు మించి చిమ్మితే గంటన్నరకు పైగా ఆగాలి. ఈ లెక్కతోనే పది నిమిషాల తేడాలో సమయం ప్రకటిస్తారు. 1959లో పక్కనే హెబ్‌గెన్ సరస్సు దగ్గర వచ్చిన భూకంపం, 1983లో ఐడహోలో వచ్చిన భూకంపం ఈ విరామాలను పెంచాయి.

బెంచీ మీద కూర్చుని ఆ ఒక్క విడత చూసి వెళ్లిపోవడం చాలామంది చేసే పని. విరామం గంటన్నర అని తెలిసినవారు దాన్ని చుట్టూ ఉన్న ఎగువ గీజర్ మైదానంలో నడవడానికి వాడుకుంటారు. గ్రాండ్, క్యాజిల్, డైజీ, రివర్‌సైడ్ గీజర్లకూ వేళలు అంచనా వేసి చెబుతారు. ఫైర్‌హోల్ నది ఒడ్డునున్న రివర్‌సైడ్ దాదాపు ఆరు గంటలకొకసారి నది మీదికి ఏటవాలుగా 20 నిమిషాల పాటు చిమ్ముతుంది. ముందుగా చెప్పగలిగిన గీజర్లలో అత్యంత ఎత్తుకు లేచేది గ్రాండ్. నోరిస్ మైదానంలోని స్టీమ్‌బోట్ ఇంకా ఎత్తున 90 మీటర్లు దాటి చిమ్మగలదు గానీ ఎప్పుడు చిమ్ముతుందో ఎవరూ చెప్పలేరు. మూడు రోజుల యాత్రలో దాని కోసం కాచుకుని కూర్చోవడం దండగ.

శరత్తులో గీజర్లకు చలిగాలి తోడవుతుంది. ఉదయం గాలి ఎంత చల్లగా ఉంటే నీటి మీద ఆవిరి అంత దట్టంగా లేస్తుంది. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కు ఇది అందం తెస్తుంది, గ్రాండ్ ప్రిస్మాటిక్‌కు అడ్డం పడుతుంది. 110 మీటర్ల పైచిలుకు అడ్డుకొలత ఉన్న ఈ బుగ్గ అమెరికాలో అతి పెద్ద వేడినీటి బుగ్గ. తెల్లవారి వెళ్లినవారికి తెల్లటి పొగ తప్ప మరేమీ కనిపించదు. ఎండ ఎక్కి గాలి కాస్త వేడెక్కాక, నడి మధ్యాహ్నం, ఫెయిరీ ఫాల్స్ దారిలో కొండవాలు మీది గట్టు నుంచి చూస్తే రంగులన్నీ వరసగా తేలతాయి. నడుమ నీలం నీటిది. అక్కడ వేడి ఎక్కువ కనుక నీరు స్వచ్ఛంగా ఉంటుంది. చుట్టూ ఉన్న పసుపు, నారింజ, గోధుమ రంగులు మాత్రం సూక్ష్మజీవులవి. బయటికి పోయేకొద్దీ నీరు చల్లబడుతుంది. ఒక్కో వేడిమికి తట్టుకునే జీవి ఒక్కో వలయంలో స్థిరపడుతుంది. వేసవి ఎండను కాచుకోవడానికి అవి కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలను ఎక్కువగా తయారుచేసుకోవడంతో నారింజ ముదురుతుంది. వెలుతురు తగ్గిన కాలంలో పత్రహరితం వాటా పెరిగి ఆకుపచ్చ బయటపడుతుంది.

ఈ సూక్ష్మజీవులు బయటి ప్రపంచాన్నీ మార్చాయి. 1966లో శాస్త్రవేత్త థామస్ బ్రాక్ ఇక్కడి దిగువ గీజర్ మైదానంలోని మష్రూమ్ బుగ్గ నుంచి థర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియాను సేకరించాడు. అధిక వేడిని తట్టుకునే దాని ఎంజైము తర్వాత డీఎన్ఏ ప్రతులు తీసే పీసీఆర్ పద్ధతికి ఆధారమైంది. ఆ పద్ధతిని రూపొందించిన కేరీ మలిస్‌కు 1993లో నోబెల్ బహుమతి వచ్చింది.

పార్కు నడిబొడ్డున ఎల్లోస్టోన్ నది తవ్వుకున్న లోయను గ్రాండ్ కాన్యన్ ఆఫ్ ద ఎల్లోస్టోన్ అంటారు. సుమారు 32 కిలోమీటర్ల పొడవు, కొన్నిచోట్ల 300 మీటర్లకు పైగా లోతు. పై జలపాతం ఎత్తు 33 మీటర్లు, కింది జలపాతం ఎత్తు 94 మీటర్లు. వేడినీరు వేల ఏళ్లుగా రైయోలైట్ రాయిని ఉడికించి మెత్తబరిచింది, అందులోని ఇనుము గాలి తగిలి తుప్పుపట్టింది. గోడల మీది పసుపు, ఎరుపు రంగులు అలా వచ్చినవే. 1871లో ఫెర్డినాండ్ హేడెన్ సర్వే బృందంతో వచ్చిన చిత్రకారుడు థామస్ మోరాన్, ఫోటోగ్రాఫర్ విలియం హెన్రీ జాక్సన్ ఈ లోయను చూశారు. వారి చిత్రాలు, ఫోటోలు మరుసటి ఏడాది పార్కు చట్టానికి అమెరికా చట్టసభలో మద్దతు కూడగట్టడంలో పనికొచ్చాయి. శరత్తులో నదికి వరద తగ్గి ఉంటుంది. మే, జూన్ నెలల మంచునీటి హోరు ఉండదు. బదులుగా నీటి తెర పలచబడి వెనకనున్న రాతి ఆకృతి తెలుస్తుంది. ఆర్టిస్ట్ పాయింట్ నుంచి చూసేవారికి ఉదయం వెలుతురు జలపాతం మీద పడుతుంది.

అడవి రంగుల కోసం ఎల్లోస్టోన్‌కు వెళ్లేవారు ముందే ఒక సంగతి తెలుసుకోవాలి. అమెరికా ఈశాన్య రాష్ట్రాల మేపుల్ అడవుల్లా ఇక్కడి కొండలు ఎర్రబడవు. పార్కు అడవిలో దాదాపు 80 శాతం లాడ్జ్‌పోల్ పైన్. అది ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. పసుపు కనిపించేది ఆస్పెన్ తోపుల్లో, నదుల వెంట కాటన్‌వుడ్ చెట్లలో, వాగుల పక్కన విల్లో పొదల్లో. పగళ్లు కురచబడగానే ఈ చెట్లు ఆకుల్లోని పత్రహరితాన్ని విరిచి, అందులోని పోషకాలను కాండానికి తీసుకుంటాయి. వేసవంతా ఆకులో ఉండీ కనిపించని కెరోటినాయిడ్లు అప్పుడు బయటపడతాయి. ఆస్పెన్ వేళ్ల నుంచి పిలకలు వేసి పెరుగుతుంది కనుక ఒక తోపులోని చెట్లన్నీ చాలాసార్లు ఒకే చెట్టు పిలకలే. అందుకే తోపుకు తోపు ఒకేసారి పసుపెక్కుతుంది, పక్క తోపు ఇంకా పచ్చగానే ఉంటుంది. సెప్టెంబరు చివరి వారాల్లో ఉత్తరాన టవర్, లామర్, మామత్ వైపు ఈ రంగు బాగా కనిపిస్తుంది. ఒక్క గాలివాన చాలు, ఆకులన్నీ రాలిపోతాయి.

లాడ్జ్‌పోల్ అడవికీ ఒక శరత్తు కథ ఉంది. 1988 వేసవిలో చెలరేగిన మంటలు పార్కులో 36 శాతాన్ని చుట్టుముట్టాయి. వేలమంది పోరాడినా లొంగని ఆ మంటలు సెప్టెంబరు 11న పడిన కొద్దిపాటి వాన, మంచుతోనే నెమ్మదించాయి. ఈ పైన్ చెట్ల కాయల్లో కొన్ని జిగురుతో మూసుకుపోయి ఉంటాయి, మంట వేడికే తెరుచుకుని విత్తనాలు రాలుస్తాయి. రోడ్డు పక్కన ఒకే ఎత్తున, ఒకే వయసున, ఒత్తుగా నిలబడి కనిపించే పైన్ అడవిలో చాలా భాగం ఆ మంటల తర్వాత మొలిచిందే.

జంతువుల్లో శరత్తుకు ముఖ్యమైనది ఎల్క్. నల్లమలలో తిరిగే కణుజులకు ఇది దగ్గరి చుట్టం. పోతు 300 కిలోలు దాటుతుంది. సెప్టెంబరు నుంచి అక్టోబరు మధ్య దాకా దీని ఎదకాలం. పోతులు ఆడ ఎల్క్‌లను మందగా చుట్టుకుని, పోటీకి వచ్చే ఇతర పోతులను తరుముతూ, మేత కూడా మానేసి తిరుగుతాయి. లావు గొంతుతో మొదలై సన్నటి ఈలగా పైకి లేచి, చివర గుర్రుమని ఆగిపోయే వాటి అరుపు చల్లటి ఉదయాల్లో చాలా దూరం వినిపిస్తుంది. మామత్ హాట్ స్ప్రింగ్స్ దగ్గరి పాత సైనిక భవనాల ముందు పచ్చిక మీదికి మందలు ఏటా వస్తాయి. కార్లను కొమ్ములతో పొడిచే పోతులకు జనాన్ని దూరంగా ఉంచడానికి రేంజర్లు కాపలా ఉంటారు. ఎదకాలంలో ఒళ్లు కరగదీసుకున్న పోతులే చలికాలంలో తోడేళ్లకు సులువుగా చిక్కుతాయి.

ఎలుగుబంట్లకు ఇది తిండి కాలం. గ్రిజ్లీ, నల్ల ఎలుగు రెండూ నెలల తరబడి నిద్రకు ముందు కొవ్వు పెంచుకోవాలి. రోజులో చాలా గంటలు తింటూనే ఉంటాయి. ఎత్తైన చోట్ల వైట్‌బార్క్ పైన్ కాయలను ఉడతలు కోసి గుట్టలుగా దాచుకుంటే, గ్రిజ్లీలు ఆ గుట్టలను తవ్వుకుని గింజలు తింటాయి. కాయలు కాయని ఏడాది అవి తిండి వెతుక్కుంటూ కిందికి, మనుషుల వైపు వస్తాయి. అందుకే పులిహోర డబ్బా అయినా సరే బల్ల మీద వదిలి నాలుగడుగులు పక్కకు వెళ్లడానికి వీల్లేదు. తినే వస్తువు ఏదైనా కారులోనో, ఎలుగు తెరవలేని ఇనుప పెట్టెలోనో ఉండాలి.

బైసన్‌ల ఎదకాలం జులై, ఆగస్టు నెలల్లోనే ముగుస్తుంది. శరత్తుకు అవి ఒత్తైన చలిబొచ్చుతో హేడెన్, లామర్ లోయల్లో నింపాదిగా మేస్తుంటాయి. 1902లో పార్కులో మిగిలినవి రెండు డజన్ల లోపే, ఈనాటి వేల బైసన్‌లు ఆ కొద్దిపాటి మందకు, తర్వాత బయటి నుంచి తెచ్చిన వాటికి వారసులు. 1926 నాటికి తుడిచిపెట్టేసిన తోడేళ్లను 1995, 1996 సంవత్సరాల్లో కెనడా నుంచి 31 తెచ్చి మళ్లీ వదిలారు. వాటిని చూడటానికి లామర్ లోయ పేరెన్నికగన్నది. తోడేళ్లను చూడటం ఓపిక పని. తెల్లవారేసరికి రోడ్డు పక్కన బండి ఆపుకునే జాగాలో చేరి, స్పాటింగ్ స్కోపుతో ఎదుటి కొండవాలును ఒక చివర నుంచి మరో చివరకు మెల్లగా వెతకాలి. ఆసరికే గుంపుగా నిలబడినవారిని ఏం కనిపించిందని అడగడం అక్కడ మర్యాదే. ఒంటరిగా కారులో తిరిగేవారి కంటే ఒకేచోట రెండు గంటలు నిలబడినవారికే ఎక్కువ కనిపిస్తుంది.

దూరం విషయంలో నిబంధన స్పష్టం. ఎలుగులకు, తోడేళ్లకు కనీసం 91 మీటర్లు, బైసన్, ఎల్క్ లాంటి పెద్ద జంతువులకు 23 మీటర్లు దూరంగా ఉండాలి. ఇక్కడ మనుషులను ఎక్కువగా గాయపరిచింది ఎలుగు కాదు, బద్ధకంగా కనిపించే బైసనే. మనిషి కంటే మూడు రెట్లు వేగంగా పరిగెత్తగలదది. కాలిదారుల్లో ముగ్గురు నలుగురు కలిసి, మాట్లాడుకుంటూ, ఎలుగులను తరిమే బేర్ స్ప్రే చేతికందేలా పెట్టుకుని నడవాలి. వేడినీటి ప్రాంతాల్లో చెక్కలు పరిచిన దారి దిగకూడదు. పక్కన గట్టి నేలగా కనిపించేది పలచని పొర కావచ్చు, దాని కింద మరిగే నీరు ఉండవచ్చు. ఈ బుగ్గల్లో పడి 20 మందికి పైగా చనిపోయారు. శరత్తు ఉదయాల్లో ఆవిరి తడి చెక్కల మీద గడ్డకట్టి జారుతుంది కూడా.

ఇవన్నీ కలిపితే రోజుల అమరిక దానంతటదే తేలుతుంది. ఉత్తరం వైపు ఒక రోజు. తెల్లవారుజామున లామర్, ఎండెక్కాక టవర్ దారిలో ఆస్పెన్లు, సాయంత్రం మామత్‌లో ఎల్క్‌లు. రెండో రోజు నడిభాగం. ఉదయం కాన్యన్, మధ్యాహ్నం ఎల్లోస్టోన్ సరస్సు తీరం, పొద్దుగూకే వేళకు హేడెన్ లోయ. మూడో రోజు గీజర్లది. పొద్దున్నే ఎగువ మైదానం, నడి మధ్యాహ్నం గ్రాండ్ ప్రిస్మాటిక్. నాలుగో రోజు ఉంటే దాన్ని ఖాళీగా ఉంచుకోవడం మంచిది. మంచు పడి కనుమ మూసుకుపోయిన రోజుకు, పొగమంచులో ఏమీ కనిపించని ఉదయానికి బదులుగా అది ఉపయోగపడుతుంది. సెప్టెంబరులో జనం పలచగా ఉంటారన్న పాత అంచనా మీద ఆధారపడి ముందుగా గది తీసుకోకుండా వెళితే ఇబ్బందే. పార్కుకు ఏటా 40 లక్షలకు పైగా సందర్శనలు ఉంటున్నాయి, సెప్టెంబరూ రద్దీ నెలల్లో చేరింది. రద్దీ గట్టిగా తగ్గేది అక్టోబరులో. అప్పటికి ఆకులు రాలి ఉంటాయి, సదుపాయాలు చాలావరకు మూతపడి ఉంటాయి.

నవంబరు మొదట్లో మూసిన రోడ్లు డిసెంబరు మధ్య నుంచి స్నోమొబైళ్లకు, స్నోకోచ్‌లకు తెరుచుకుంటాయి. కార్లు మళ్లీ వసంతంలోనే. ఉత్తరాన గార్డినర్ నుంచి లామర్ లోయ మీదుగా కుక్ సిటీకి పోయే రోడ్డు మాత్రం ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. అందువల్ల రోజులు చాలక ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తే లామర్‌ను చలికాలానికి వాయిదా వేసుకోవచ్చు. తెల్లటి మంచు మీద తోడేళ్లు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి కూడా. కాన్యన్, హేడెన్ లోయ, గీజర్ మైదానాలను కారులో వెళ్లి చూడాలనుకునేవారు మాత్రం అక్టోబరు దాటనివ్వకూడదు.